ముందు కంచె, తరువాత కాలువ

బస్తర్ సీమకు వర్షాభావం లేదు. ఏటా సగటున 1,300 మిల్లీమీటర్లకు పైబడి వాన కురిసే పీఠభూమి అది. నడుమ ఇంద్రావతి పారుతున్నది. లెక్కకు మించిన వాగులు, వంకలు ఆ నదిలోనూ శబరిలోనూ కలిసి కడకు మన గోదావరికి చేరుతున్నవి. అయినా అక్కడి పొలాలలో అధిక భాగం సంవత్సరానికి ఒక్క మారే పండుతుంది. కార్తీక మార్గశిరాలలో వరికోతలు ముగిసిన పిమ్మట తిరిగి తొలకరి వరకు ఆ నేల మీద పైరు కానరాదు. నీటి చుక్క లేక బీడుపడిన భూములను రాయలసీమలో చూసినవారికి ఈ పరిస్థితి వింతగా తోచక మానదు. నీరు ఉన్నది, నేల ఉన్నది, కష్టించే మనిషి ఉన్నాడు. ఈ మూడూ ఒకచోట కలవటం లేదు. ఎందుచేత?

ఈ ప్రశ్నకు సర్కారు దస్తరాలు చాలకాలంగా ఒకే సమాధానం చెప్పుకొంటూ వచ్చినవి: ఆదివాసి రైతు వెనుకబడినవాడు, కొత్త పద్ధతులంటే వెరుస్తాడు, సాగునీటి విలువ ఎరుగడు. ఈ సమాధానంలో నిజమెంతో తెలుసుకొనటానికి బస్తర్ దాకా పోనక్కరలేదు. ప్రతి శీతకాలమూ బీజాపూర్, సుక్మా, దంతెవాడ జిల్లాల నుండి వేలాదిమంది సరిహద్దు దాటి ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాల మిరప చేలకు కూలికి వస్తారు. బోరుబావుల కింద, కాలువల కింద ఎర్రగా పండిన మిరపను కోసేది వారి చేతులే. ఏ మడికి ఎన్ని తడులు పెట్టినదీ, ఒక్క తడి తప్పితే పూత ఎట్లా రాలినదీ వారు కన్నులారా చూసినవారే. 2020 ఏప్రిల్‌లో, దేశమంతటా రాకపోకలు స్తంభించిన రోజులలో, ములుగు జిల్లా మిరప చేల నుండి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి కాలినడకన బయలుదేరిన పన్నెండేళ్ళ బాలిక ఒకతె, ఇల్లు ఇక కొన్ని మైళ్ళ దూరంలో ఉన్నదనగా, దారిలోనే కన్నుమూసినది. స్వగ్రామంలో రెండవ పంట లేని ఇంటి పిల్లలు ఎక్కడ పెరుగుతున్నారో ఆ వార్త వల్ల చాలామందికి మొదటిసారి తెలిసినది. కనుక, నీటి విలువ ఎరుగకపోవటం అనే మాటను పక్కన పెట్టవచ్చు.

అనువాదం వృత్తిగా గల నాబోటివారికి ఈ విషయంలో మరొక చిక్కు ఉన్నది. రైతు కొత్త పద్ధతిని అవలంబించటాన్ని ఇంగ్లీషు నివేదికలు 'అడాప్షన్' అంటాయి. బిడ్డను దత్తత తీసుకొనటానికీ వారి భాషలో అదే మాట. 'స్వీకరణ' అని తెనిగిస్తే అర్థం చెడదు గాని, 'దత్తత'లో ఉన్న బరువు పోతుంది. దత్తత ఒకనాటి ముచ్చట కాదు. ఇల్లు, ఆస్తి, బంధువర్గం అంతా సర్దుకోవాలి. బస్తర్ రైతుకు సాగునీరు సరిగ్గా అట్టి వ్యవహారమే.

ఈ విషయంపై లోకప్రసిద్ధమైన గ్రంథం అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఎవరెట్ రోజర్స్ 1962లో ప్రకటించినది. కొత్త పద్ధతి రైతుల మధ్య ఎట్లా వ్యాపిస్తుందో, ఎవరు ముందు అందుకుంటారో, ఎవరు ఆలస్యం చేస్తారో ఆయన వర్గాలుగా విభజించి చూపాడు. అయితే అదే గ్రంథపు తరువాతి ముద్రణలలో ఆయన ఒక హెచ్చరిక కూడ చేర్చాడు: ఈ రంగపు పరిశోధకులలో కొత్తదంతా మంచిదేనన్న పక్షపాతమూ, కొత్తదాన్ని అందుకోనివాడిదే తప్పన్న ధోరణీ పాతుకొనిపోయాయని. మన నివేదికలు రచించేవారు వర్గీకరణను శ్రద్ధగా అందుకున్నారు. హెచ్చరికను అంత శ్రద్ధగా అందుకున్నట్లు కనపడదు.

నేల తీరు

బస్తర్ రైతు తన భూమిని ఎత్తును బట్టి నాలుగు పేర్లతో పిలుస్తాడు. అన్నిటికన్న మీద ఉండే పలుచని ఇసుక నేల మర్హాన్. దాని దిగువ మెట్ట టిక్రా. వాలు మధ్య భాగం మాల్. వాగును ఆనుకొని, ఒండ్రుపట్టి, కోతల తరువాత కూడ చెమ్మ నిలిచే పల్లం గభార్. ఒకే కుటుంబానికి సాధారణంగా ఈ తరగతులలో ఒకటికి మించి ఉంటుంది. మీది నేలలో కొర్రజాతి చిరుధాన్యాలు, రాగి, ఉలవ, వెర్రినువ్వు. కింది నేలలో వరి. ఒకటి పోయినా మరొకటి దక్కుతుంది. ఇది తరతరాలుగా నడుస్తున్న బీమా.

వరిని కూడ చాలచోట్ల నారుపోసి నాటరు. వెదజల్లి, నెల రోజుల పైరయి మడిలో నీరు నిలిచాక, ఆ నిలువు పైరులోనే నాగలి నడిపిస్తారు. కలుపు చస్తుంది, ఒత్తుగా లేచిన మొక్క పలుచబడుతుంది. దీనిని బియాసీ అంటారు. అదను ప్రకారం మడిలో నీరు నిలవకపోతే ఆ దున్నకం వెనుకపడుతుంది. కలుపు పైరును మింగేస్తుంది. ఇక భాద్రపదంలో రెండు మూడు వారాలు వాన మొగం చాటేస్తే మీది మడులలోని వరి ఈనక ముందే మాడుతుంది.

అందుచేత ఇక్కడి రైతు నీటి నుండి మొట్టమొదట కోరేది రెండవ పంటను కాదు, ఉన్న ఒక్క పంటకు ప్రాణరక్షణను. పథకాలు వేసేవారి కాగితాలలో మాత్రం నీరు అనగానే దాళ్వా విస్తీర్ణం లెక్కలోకి వస్తుంది. ఈ ఇద్దరూ ఒకే మాటను రెండు అర్థాలలో వాడుకొంటున్నారు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2018 చివర వరి ధర క్వింటాలుకు 2,500 రూపాయలు చేసినప్పుడు, 2023లో దానిని 3,100కు పెంచి ఎకరానికి 21 క్వింటాళ్ళ దాకా కొంటామన్నప్పుడు, వానకాలపు వరిని కాపాడే ఆ ఒక్క తడి విలువ కూడ పెరిగినది. ధర పెరిగిన చోట రైతు తానే నీటి కోసం వెతుకుతాడనటంలో ఆశ్చర్యం లేదు.

గతంలోకి చూస్తే, భూమి విషయంలో బస్తర్‌కు తొందర లేకపోయినది. 1901 జనాభా లెక్కలనాడు బస్తర్ సంస్థానపు జనసంఖ్య సుమారు 3 లక్షల 6 వేలు. చదరపు మైలుకు 23 మంది. అంత విశాలమైన అడవిలో పోడు కొట్టి, నేల సారం తగ్గగానే మరొక చోటికి జరగటమే తక్కువ శ్రమతో ఎక్కువ గింజ సంపాదించే మార్గం. డేనిష్ ఆర్థికవేత్త ఎస్టర్ బోసెరప్ 1965లో చెప్పినది ఇదే: జనం పెరిగి భూమి ఇరుకైనప్పుడే మనిషి అదనపు చాకిరీకి, అనగా గట్లు, కాలువలు, తడులు, రెండు పంటలకు పూనుకుంటాడు, అంతకుముందు పూనుకోకపోవటం సోమరితనం కాదు.

మనకు సంబంధించిన ఒక ముచ్చట ఇక్కడ జ్ఞాపకం వస్తుంది. 1323లో ఓరుగల్లు పతనమయిన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తర్‌కు వెళ్ళి రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశ సంప్రదాయం. రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల వంటివి తవ్వించిన రాజ్యం నుండి వెళ్ళినవారు వారు. తరువాతి కాలంలో దళపతిదేవుని పేరిట జగదల్‌పూర్‌లో దళపతిసాగరం వెలసినది. కాని ఓరుగల్లు సీమలో వలె ఊరూరా చెరువు, చెరువు చెరువుకూ తూము, తూముకు నీరటి అన్న వ్యవస్థ బస్తర్‌లో అల్లుకోలేదు. చెరువు తవ్వించే విద్య రాజుతో వెళ్ళవచ్చు. చెరువు కింద బతుకవలసిన జనసాంద్రత రాజుతో వెళ్ళదు.

ఇప్పుడా స్థితి మారినది. 2011 జనగణన నాటికి, పూర్వపు కాంకేర్ సంస్థానంతో కలిసిన బస్తర్ ప్రాంతపు జనాభా దాదాపు 31 లక్షలు. పోడుకు అడవి లేదు. అన్నదమ్ములు పంచుకోగా మిగిలినది చిన్న కమతం. బోసెరప్ చెప్పిన ఇరుకు వచ్చినది. అయినా నీరు పొలంలోకి రావటంలో అంత ఆలస్యమెందుకని అడిగితే, ముందుగా పశువులను గురించి చెప్పుకోవాలి.

పశువులు

కోతలు కాగానే బస్తర్ గ్రామాలలో పశువులను విడిచిపెట్టేస్తారు. కాపరి కాపు ముగుస్తుంది. ఆలమందలు, మేకలు ఊరి పొలిమేర అంతా యథేచ్ఛగా తిరుగుతాయి. ఎండుగడ్డి, కొయ్యకాలు, అడవి అంచు మేత అందరి పశువులవీ. ఇది నిర్లక్ష్యం కాదు, ఒక ఒడంబడిక. నీ గొడ్డు నా చేలో మేస్తుంది, నా గొడ్డు నీ చేలో మేస్తుంది. పేడ ఇద్దరి నేలలోనూ పడుతుంది. ఎవడూ మేత కొననక్కరలేదు.

ఇట్టి ఊరిలో ఒకడు వాగు మీద పంపు పెట్టి మాఘమాసంలో అరెకరం కూరగాయలు వేశాడనుకొందాము. పది ఊళ్ళ ఎండిన నేలలో పచ్చగా ఉన్నది అదొక్కటే. ఆకలిగొన్న మందకు అంతకన్న పిలుపేమి కావాలి? ఒక్క రాత్రితో పంట మాయం. ఎవరిని అడగాలి? అందరి పశువులూ విడిచే ఉన్నవి; తప్పు చేసినవాడు లేడు. పైగా ఆ కాలంలో పంట వేయటమే ఊరి కట్టుబాటుకు విరుద్ధమని పెద్దలు అతనికే బుద్ధి చెప్పినా చెప్పవచ్చు. కంచె వేయవలెనంటే, పొలం ఒక్కచోట లేదు. మర్హాన్‌లో ఒక ముక్క, గభార్‌లో ఒక ముక్క. అన్నిటి చుట్టూ కంచెకయ్యే ఖర్చు పంపు ఖర్చును మించవచ్చు.

దీనికి సాక్ష్యం ప్రతి ఇంటి వెనుకా ఉన్నది. అక్కడ ప్రతి గుడిసెకూ బాడీ అనే పెరటి తోట ఉంటుంది. చుట్టూ వెదురు దడి, ముళ్ళకంప. లోపల మొక్కజొన్న, ఆవాలు, వంగ, మిరప, చిక్కుడు. కుండలతోనో, మనం ఏతమని పిలిచే టేడాతోనో నీరు తోడి, ముఖ్యంగా స్త్రీలు, ఆ మొక్కలకు శ్రద్ధగా పోస్తారు. పొలంలో నీటిని 'నిరాకరించిన' రైతే పెరట్లో నీటిపారుదల నిపుణుడు! నడుమ ఉన్న తేడా దడి ఒక్కటే. దడి ఎంతవరకు ఉన్నదో నీరు అంతవరకు పోయినది.

ఈ సంగతి మన తెలుగు నేల మీదనే ఒక విదేశీ పరిశోధకుడు నిరూపించాడు. రాబర్ట్ వేడ్ అనే ఆయన కర్నూలు జిల్లా కాలువ కింది గ్రామాలను పరిశీలించి 1988లో 'విలేజ్ రిపబ్లిక్స్' అనే గ్రంథం వెలువరించాడు. ఆ గ్రామాలలో రైతులు తమంతట తాము సొమ్ము పోగుచేసి రెండు రకాల ఉద్యోగులను పెట్టుకున్నారు: మడులకు నీరు పంచే నీరుకట్టులు ఒక రకం, చేలలో పశువులు పడకుండా చూచే కావలివారు మరొక రకం. బయటి గొర్రెలమందలకు కొయ్యకాలు మేపుకొనే హక్కును ఊరు వేలం వేసి, ఆ సొమ్ముతో ఊరుమ్మడి నిధిని పెంచుకొనేది. నీటి ఏర్పాటు, పశువుల ఏర్పాటు కవలలుగా పుట్టినవి. బందెలదొడ్డి అన్న మాట మన పల్లెలలో ఎంత పాతదో తలచుకొంటే, సాగునీటి చరిత్రలో దానికి ఒక అధ్యాయం కేటాయించవలెననిపిస్తుంది. ఇంజనీర్ల పుస్తకాలలో దాని ఊసే ఉండదు.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వానికి ఈ విషయం తట్టకపోలేదు. 'రోకా-ఛేకా' అనే పాత గ్రామాచారాన్ని, అనగా పశువులను కట్టడి చేస్తామని ఊరంతా ప్రతిన పూనటాన్ని, 2020 జూన్‌లో రాష్ట్రవ్యాప్త కార్యక్రమంగా చేపట్టారు. పశువులను పగలు ఒకచోట ఉంచటానికి గ్రామాలలో గోఠాన్‌లు కట్టారు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారిన తరువాత గోఠాన్‌ల ఊపు తగ్గినది. సర్కారు దొడ్డి కట్టగలదు. దొడ్డిలోని పశువుకు చైత్రంలో గడ్డి ఎవరు వేస్తారన్నది వేరే సంగతి.

కాగితమూ, అడవీ

పశువుల తరువాత చెప్పుకోవలసినది పట్టా. బావికి సహాయమైనా, పంపుకు రుణమైనా భూమి కాగితం లేనిదే రాదు. బస్తర్‌లో తరతరాలుగా దున్నుతున్న నేలలో చాలభాగం అటవీశాఖ లెక్కలో అడవి. సంస్థానపు రోజులలో అడవులను ప్రభుత్వాధీనం చేయబూనటమే 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణమని చరిత్ర. 2006 అటవీ హక్కుల చట్టం, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నవారికి 4 హెక్టార్లకు మించకుండా హక్కు ఇచ్చినది. ఆ హక్కు వారసులకు చెందుతుంది, కాని అమ్మరాదు. అమ్మరాని భూమి కాగితాన్ని చూసి రుణమివ్వటానికి బ్యాంకులు సందేహిస్తాయి. నారాయణ్‌పూర్ జిల్లా అబూజ్‌మాడ్ గ్రామాల సంగతి మరీ విడ్డూరం: 2017 ప్రాంతంలో మొదలుపెట్టేదాకా అక్కడ రెవిన్యూ సర్వేయే లేదు. సర్వే నంబరు లేని పొలానికి ఏ పథకం వర్తిస్తుంది?

ఇక అడవి ఇచ్చే ఆదాయం. ఫాల్గుణ చైత్రాలలో ఇప్పపూవు, ఆ వెంటనే చింతపండు, వైశాఖంలో తునికాకు. తునికాకు ప్రామాణిక బస్తాకు 2019లో రేటు 2,500 నుండి 4,000 రూపాయలకు, 2024లో 5,500కు పెరిగినది. పెట్టుబడి లేదు, నష్టభయం లేదు, రొక్కం చేతికి వస్తుంది. వేసవి పంట కూలిని అడిగే నెలలు కూడ సరిగ్గా ఇవే. తెల్లవారుజామున ఇప్పపూవు ఏరే ఇల్లాలు అదే వేళ మడికి నీరు కట్టలేదు. ఆమెకున్న గంటలకు ఎక్కడ ఎక్కువ గిట్టుబాటో ఆమెకు తెలుసు. తడి పంట లాభదాయకమని చూపే లెక్కలలో సాధారణంగా ఈ గంటల ఖరీదును సున్నగా వేస్తారు.

ఈ అడ్డంకులు లేనివారు పక్కనే ఉంటే ఏమవుతుందో కూడ బస్తర్‌లోనే చూడవచ్చు. 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద తూర్పు పాకిస్తాను నుండి వచ్చిన బెంగాలీ కాందిశీకులను నేటి కాంకేర్ జిల్లాలోని పరల్‌కోట్ ప్రాంతంలో స్థిరపరచారు. వారికోసం జలాశయం కూడ నిర్మించారు. మొదట వారికీ సుఖం లేదు. మెట్టనేలలకు విసిగి 1978లో దండకారణ్యం నుండి వేలాది కుటుంబాలు తిరిగి బెంగాల్ దారి పట్టాయి. నిలిచినవారు మాత్రం నేడు పఖాంజూర్ చుట్టుపట్ల వరి, మొక్కజొన్న, కూరగాయలు, అన్నిటికన్న మిన్నగా చేపలు పెంచుతున్నారు. డెల్టాలో పుట్టిన జాతి గనుక నీటి నేర్పు సహజమంటారు కొందరు. నేర్పు మాట నిజమే. అయితే వారికి మొదటి రోజు నుండీ హద్దురాళ్ళు వేసిన భూమి ఇచ్చారన్నదీ, ఆశ్రయించటానికి అడవి ఆదాయం వారికి లేదన్నదీ కూడ నిజమే.

ఎవరి నీరు?

నీటిని నమ్మాలంటే దానిని పంచే చేతిని నమ్మాలి. ఇంద్రావతి మీద బార్సూర్ వద్ద బోధ్‌ఘాట్ ఆనకట్టకు 1979లో ప్రధాని మొరార్జీ దేశాయి శంకుస్థాపన చేశారు. నాటి ఉద్దేశం ప్రధానంగా విద్యుత్తు. అడవి మునక కారణంగా పథకం నిలిచిపోయినది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం దానినే 3 లక్షల 66 వేల హెక్టార్లకు సాగునీరిచ్చే పథకంగా తిరిగి ముందుకు తెచ్చినది. మునిగే గ్రామాలవారు సభలు చేసి వద్దన్నారు. మునక ఒకరిది, తడి మరొకరిది అయినప్పుడు వద్దనేవారిని నీటి విరోధులనటం న్యాయం కాదు. దీనికి తోడు 2005లో ఆరంభమైన సల్వాజుడుం రోజులలో వందలాది గ్రామాలు ఖాళీ అయినవి. ఆ వ్యవస్థను సుప్రీంకోర్టు 2011లో చెల్లదన్నది. రేపు ఈ ఊళ్ళో ఉంటామో లేదో తెలియని మనిషి బావి తవ్వడు.

దీనితో పోలిస్తే చిన్న పంపు కథ వేరు. 2016 నవంబరులో ఆరంభమైన 'సౌర సుజల' పథకంలో షెడ్యూల్డు కులాల, తెగల రైతులకు 3 అశ్వశక్తుల సౌర పంపు 7 వేల రూపాయలకు, 5 అశ్వశక్తులది 10 వేలకు ఇచ్చారు. కరెంటు తీగ రాని ఊళ్ళకు ఇది వరమే. బిల్లు లేదు, నీటి పంపకంలో మధ్యవర్తి లేడు, మీట నొక్కేదీ ఆపేదీ రైతే. మొదటి ఏడు బాడీని కొంచెం పెంచి పావు ఎకరంలో ప్రయత్నించి, మేలనిపిస్తే దడిని మరికొంత ముందుకు జరపవచ్చు. కొత్తదాన్ని చిన్న ఎత్తున పరీక్షించుకొనే వీలుంటేనే రైతు ముందుకు వస్తాడని రోజర్స్ అన్నది ఇట్టిదానినే. ఆనకట్ట విషయంలో అట్టి వీలు లేదు. ఊరు సగం మునిగి చూడలేదు గదా!

అయితే పంపుతో పాటు కంచె రాదు. ఒక్కొక్కరు విడివిడిగా దడి కట్టుకొనటం కన్న, వాగు పొడవునా పొలాలున్న పదిమంది కలిసి ఒక చుట్టు కంచె వేసుకొంటే ఖర్చు ఎన్నో వంతులు తగ్గుతుంది. ఇంకా చౌకైన మార్గం ఊరి చేతిలోనే ఉన్నది. బస్తర్ గ్రామాలలో కోతల అనంతరం దియారి అనే పండుగ చేస్తారు. ఊళ్ళన్నిటికీ ఒకే తిథి ఉండదు. ఏ ఊరికి ఆ ఊరే దినం నిర్ణయించుకుంటుంది. ఆనాడు పశువులను పూజించి, వాటిని ఏడాదంతా కాచిన కాపరికి ఇంటింటా ధాన్యమిచ్చి సత్కరిస్తారు. ఆ కాపరినే తొలకరి దాకా మరి నాలుగైదు నెలలు కొనసాగించాలంటే ఇంటికి ఎన్ని కుంచాల గింజ అదనంగా పడుతుంది, పంపు ఉన్నవాడు ఎంత ఇవ్వాలి, పంపు లేక గొడ్లు మాత్రమే ఉన్నవాడు ఎంత ఇవ్వాలి అన్న బేరం తేలవలసినది ఆ దియారి పందిట్లోనే.